నోరు ముందు, మాట వెనక

రాష్ట్ర పశు నీటితొట్ల సంస్థలో తీగలన్నీ పీకేసిన ఏడాది, జిల్లా మేనేజరు చెన్నకేశవులుకి నోరు తెరవడమే నేరమైపోయింది.

ఆ సంస్థ పని చాలా చిన్నది. ఊళ్ళ బయట పశువులకి సిమెంటు తొట్లు కట్టాలి, పక్కన బోరు వేయించాలి, ఎండాకాలంలో తొట్లో నీళ్ళుండేలా చూడాలి. ఇంత చిన్న పని చేసే సంస్థని రాజధానిలో ఎవరు లెక్కచేస్తారు? అందుకని కొత్తగా వచ్చిన మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశం గారు 'తీగరహిత పరిపాలన' అనే ఉద్యమం లేవదీశారు. ఆయన చెడ్డవాడేం కాదు. పొద్దున్నే అందరికంటే ముందు ఆఫీసుకొస్తారు, పరాయి సొమ్ము చిల్లిగవ్వ ముట్టరు. కాకపోతే ఏదో సదస్సుకి వెళ్ళి, అక్కడ వేదిక మీద ఎక్కడా ఒక్క తీగ కూడా కనపడకపోవడం చూసి ముగ్ధులైపోయారు. తిరిగొచ్చిన మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "తీగ అనునది గతకాలపు బంధము. సంస్థ యావత్తూ తక్షణమే బంధవిముక్తము కావలెను."

అయింది. టెలిఫోన్లు పోయాయి, కంప్యూటర్ల వెనక చిక్కుపడ్డ తోకలన్నీ పోయాయి, కాలింగ్ బెల్లు తీగ కూడా పోయింది. చెన్నకేశవులు అటెండరుని పిలవాలంటే చప్పట్లు కొట్టాల్సి వచ్చేది. ఆఫీసు వెనక బట్టలారేసుకునే తీగని వాచ్‌మన్ తెంపేసి, అది కూడా పైకి పంపే లెక్కలో చూపించమన్నాడు. చూపిస్తే హెడ్డాఫీసు నుంచి అభినందన వచ్చింది.

ఈ ఉద్యమానికి కిరీటం లాంటిది పరాంకుశం గారి నెత్తి మీదికే ఎక్కింది. అదొక వైర్‌లెస్ హెడ్‌ఫోను. నల్లగా, బలంగా, రెండు చెవులనీ పూర్తిగా కప్పేసి ఉంటుంది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ప్రారంభించారు. ఇక ప్రతి సోమవారం పరాంకుశం గారు అది తగిలించుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని, జిల్లా మేనేజర్లందరితో వీడియో సమావేశం జరుపుతారు.

చెన్నకేశవులుకి ఆ మొదటి సోమవారం కోసం కళ్ళు కాయలు కాశాయి. ఎర్రగుంటపల్లి తొట్టి దగ్గర మోటారు ఉగాది వెళ్ళగానే కాలిపోయింది. చుట్టుపక్కల మందలన్నిటికీ ఆ తొట్టే దిక్కు. కొత్త మోటారు కోసం ఫైలు పంపిస్తే తిరిగొచ్చింది. "ప్రతిపాదిత మోటారునకు తీగ అవసరమని తెలియవచ్చుచున్నది. తీగరహిత మోటారు లభ్యతను పరిశీలించి తిరిగి సమర్పించవలెను" అని దాని మీద రాసి ఉంది. మోటారుకి కరెంటు తీగ మీదే వస్తుందని ఫైలులో రాసి లాభం లేదు, నోటితో చెబితేనే పెద్దాయనకి ఎక్కుతుంది అనుకున్నాడు చెన్నకేశవులు.

వరండాలో గంగులప్ప కూర్చుని ఉన్నాడు. ఎర్రగుంటపల్లి పశువుల కాపరి. సోమవారం పెద్దసారుతో మాట్లాడే రోజని ఎవరో చెబితే, గొంగళి భుజాన వేసుకుని పొద్దున్నే వచ్చేశాడు.

"సామీ, ఈపొద్దన్నా చెప్తావా?" అని అడిగాడు. "గొడ్లకి నోరెండి నాలికలు బయటికొస్తాండాయి. వంక దాకా తోలుకపోతే ఆడ కూడా బురదే."

"చెప్తా గంగులప్పా, ఈరోజు తప్పకుండా చెప్తా" అన్నాడు చెన్నకేశవులు. అబద్ధం కాదు, నిజంగానే చెప్పాలనుకున్నాడు.

తన జిల్లా పేరు పిలవగానే గొంతు సవరించుకుని, "సార్, ఎర్రగుంటపల్లి తొట్టికి మోటారు..." అని ఎత్తుకున్నాడు.

"ఆగండి." పరాంకుశం గారి ముఖం తెర నిండా దగ్గరికొచ్చింది. "ఏదీ, మళ్ళీ అనండి."

"ఎర్రగుంటపల్లి తొట్టికి మోటారు, సార్..."

"అదీ సంగతి! మీ నోరు ముందు కదులుతోంది, మాట వెనక వస్తోంది. మీ వెనక ఎవరున్నారు?"

చెన్నకేశవులు వెనక్కి తిరిగి చూశాడు. గోడ ఉంది, గోడకి ఎరువుల కంపెనీ క్యాలెండరు ఉంది. ఆ మాటే విన్నవించుకున్నాడు.

"నాకు తెలుసు" అన్నారు పరాంకుశం గారు, నిజంగా బాధపడుతూ. "జిల్లా మేనేజరై ఉండి, తొట్ల గురించి రెండు ముక్కలు సొంతంగా మాట్లాడలేక, వెనక ఎవరినో కూర్చోబెట్టి చెప్పించుకుంటున్నారు. మీరు ఊరికే పెదాలు ఆడిస్తున్నారు. నెక్స్ట్!"

నెక్స్టూ అంతే, ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. ఏ జిల్లా వాళ్ళు నోరు విప్పినా మాట కాస్త ఆగి వస్తోంది. రాష్ట్రం మొత్తం కూడబలుక్కుని తనని మోసం చేస్తోందని పరాంకుశం గారికి రూఢి అయిపోయింది. సాయంత్రానికల్లా అందరికీ మెమోలు అందాయి. "నేటి సమావేశమందు మీ నోరు ముందుగా కదిలి, మాట తదుపరి వెలువడినట్లు గమనించడమైనది. మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

చెన్నకేశవులు ఇంటికెళ్ళి ఆ మెమో కూతురు వకుళకి చూపించాడు. ఇంజినీరింగు చదువుతున్న పిల్ల. చదివి, పొట్ట పట్టుకుని నవ్వింది.

"నీ నోటికేం కాలేదు నాన్నా. మీ సారు పెట్టుకున్న హెడ్‌ఫోనుది లేటు. బొమ్మ లాప్‌టాప్‌లో వెంటనే కనిపిస్తుంది. శబ్దం మాత్రం మూట కట్టుకుని, గాల్లో వెళ్ళి, చెవి దగ్గర మూట విప్పుకోవాలి. కొన్నిటికి ఆ విప్పుకోవడం చాలాసేపు పడుతుంది. నాకూ సినిమా చూస్తుంటే ఇట్లాగే అయ్యేది. లాప్‌టాప్‌లో బ్లూటూత్‌కి కొత్త అప్‌డేట్ ఏదో వేసుకుంటే సర్దుకుంది. అప్పటికీ కాకపోతే తీగ ఉన్న ఇయర్‌ఫోన్సు గుచ్చుకోమను, గొడవే ఉండదు."

చెన్నకేశవులుకి ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున్నే హెడ్డాఫీసులో టెక్నికల్ మేనేజరు భుజంగరావుకి సొంత సెల్‌లోంచి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు.

భుజంగరావు శాంతంగా విన్నాడు. "మీరు చెప్పేది రాతపూర్వకంగా ఇవ్వగలరా? ఎండీ గారి చెవికి మాట ఆలస్యంగా చేరుతోందని?"

"చెవికి కాదు సార్, చెవి మీద ఉన్నదానికి."

"ఎండీ గారి చెవికీ, దాని మీద ఉన్నదానికీ తేడా చూసే స్థాయి మనది కాదు కదండీ."

"పోనీ, లాప్‌టాప్‌లో ఏదో అప్‌డేట్ వేస్తే..."

"అప్‌డేట్ వేయడమంటే ఇప్పుడున్నది పాతదని ఒప్పుకోవడం. కొబ్బరికాయ నీళ్ళు ఇంకా ఆరలేదు. అదీగాక అప్‌డేట్ వేయాలంటే సారు ముందు దాన్ని తల మీంచి తీయాలి. తీయండి సార్ అని అనేదెవరు? మీరా?"

"అయితే తీగ ఉన్నది గుచ్చుకుంటే..."

 భుజంగరావు గొంతు తగ్గించి, "ఈ ఒక్క మాట నేను వినలేదు. మీరూ అనలేదు" అని పెట్టేశాడు.

అలా అసలు జబ్బు సంగతి ఒక ఫోన్ కాల్‌లోనే పూడ్చిపెట్టేసి, వైద్యం మాత్రం ఘనంగా మొదలుపెట్టారు. భుజంగరావు అధ్యక్షుడుగా 'అధర శబ్ద సమన్వయ సంఘం' ఏర్పడింది. ముందు మేనేజర్లందరినీ ఆసుపత్రి సర్టిఫికెట్లు తెమ్మన్నారు. చెన్నకేశవులుని చూసిన పెద్దాసుపత్రి డాక్టరు, ఇరవై రకాలుగా 'ఆ' అనిపించి, ఇతని నోరూ మాటా ఏకకాలంలోనే పనిచేస్తున్నాయని నవ్వుకుంటూ రాసిచ్చాడు. అది తిరిగొచ్చింది. డాక్టరు మెడలో గొట్టం ఉన్నందున ఈ పరీక్ష తీగరహితం కాదట.

తర్వాత హెడ్డాఫీసులో శిక్షణ పెట్టారు. నోరు ముందు కదలడమే నేరం కాబట్టి, నోరు కదపకుండా మాట ముందు వదిలేసి, ఆ తర్వాత నోరు కదపాలి. మేనేజర్లు వరుసగా కూర్చుని, పళ్ళు బిగించి "అలాగే సార్" అని లోపల్నించి నూకి, ఆ వెంట పెదాలు ఆడించడం సాధన చేశారు. రిటైరుమెంటుకి దగ్గర పడ్డ ఒకాయన మరీ గట్టిగా నూకితే కట్టుడు పళ్ళు ఊడి బల్ల మీద పడ్డాయి. సంఘం ఆ పద్ధతిని విరమించుకుంది.

ఆలోచించగా ఆలోచించగా భుజంగరావుకి ఉపాయం తట్టింది. ఒకే మనిషి మాట ముందూ నోరు వెనకా నడపలేడు. అందుచేత మాట ఒకరిది, నోరు ఒకరిది చేసేద్దాం. ప్రతి మేనేజరు వెనక ఒక తెర కట్టి, తెర వెనక 'గాత్ర సహాయకుడు' అనే మనిషిని కూర్చోబెట్టాలి. అతను మాట అంటాడు. మేనేజరు విని, ఒక గుటక మింగి, అప్పుడు పెదాలాడించాలి. గుటక మింగేటంతసేపు సరిగ్గా ఆ హెడ్‌ఫోను ఆలస్యంతో సరిపోయింది. పెద్దాయనకి రెండూ కలిసే కనిపిస్తాయి.

"సార్, వెనక మనిషిని పెట్టి చెప్పించుకుంటున్నామనే కదా మెమోలు ఇచ్చింది?" అని చెన్నకేశవులు అడగకుండా ఉండలేకపోయాడు.

"వెనక నుంచి చెప్పించుకోవడం నేరం. ముందుగా చెప్పించుకోవడం విధానం" అన్నాడు భుజంగరావు. "సారుకి ఫలితం చూపిస్తే చాలు. పద్ధతి చూపించనక్కర్లేదు."

ఆ వచ్చిన సోమవారమే పరాంకుశం గారి ముఖం విప్పారింది. తన మెమోల దెబ్బకి రాష్ట్రం దారిలో పడిందనుకున్నారు. మేనేజర్లు మాత్రం గుటకలకి అలవాటు పడి ఇళ్ళల్లో తిప్పలు పడుతున్నారు. అన్నం పెట్టమంటారా అని భార్య అడిగితే, చెన్నకేశవులు ఒక గుటక మింగి, శబ్దం లేకుండా పెదాలాడించాడు. ఆవిడ నుదుటి మీద చెయ్యేసి చూసి, జ్వరం లేదని మజ్జిగన్నం పెట్టింది.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. మాటలు పొడుగయ్యేకొద్దీ పెదాలు తప్పుతున్నాయి. సంఘం మళ్ళీ కూర్చుని, తప్పడానికి వీల్లేని వాక్యాలు మాత్రమే వాడాలని తీర్మానించి, వాటిని ప్రకటించింది. "పురోగతి సంతృప్తికరం సార్." "అలాగే సార్." "తప్పకుండా సార్." "మీ మార్గదర్శకత్వంలో సార్." ఈ ఆమోదిత వాక్యాలు దాటి పెదవి కదిపినవారిని మారుమూల గోడౌనుకి బదిలీ చేయడం జరుగుతుంది.

చెన్నకేశవులు ఆ వాక్యాలని కిందికీ మీదికీ తిప్పి చదివాడు. వాటిని ఎట్లా కలిపినా, ఎట్లా విడదీసినా, తొట్లో నీళ్ళు లేవని చెప్పడానికి లేదు. అతనికి నిజంగా ఏడుపొచ్చింది. పోయిన వారం గంగులప్పకి మాటిచ్చి, తెర ముందు కూర్చుని 'పురోగతి సంతృప్తికరం' అని పెదాలాడించి వచ్చాడు. బయటికొచ్చాక గంగులప్ప అడిగితే పైవాళ్ళు పరిశీలిస్తున్నారని చెప్పాడు. ఆ మాట మాత్రం సొంత నోటితోనే అన్నాడు, అందుకే అన్నం సహించలేదు.

ఈ సోమవారం గంగులప్ప వరండాలో కూర్చోలేదు. సరాసరి లోపలికొచ్చి నిలబడ్డాడు.

"సామీ, ఇంక నేను రాను. రేపు సంతకి తోలేస్తాండాము మందనంతా. ఎముకల గూళ్ళకి ఎవుడిస్తాడు రేటు? కటికోళ్ళే కొంటారు. ఈపొద్దు నీ మొగం చూసి పోదామని వచ్చినా."

 చెన్నకేశవులు ఒక గుటక మింగాడు.

అప్పుడే అటెండరు వచ్చి, చేతులు జోడించి, గొంతు మీద వేలుపెట్టి చూపించాడు. వారం వారం గాత్ర సహాయం చేసీ చేసీ గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. సమావేశానికి ఇంకో పది నిమిషాలుంది. గాత్ర సహాయకుడు లేకుండా తెర ముందు కూర్చుంటే బదిలీ, కూర్చోకపోతే సస్పెన్షను. చెన్నకేశవులు ఆఫీసంతా కలియజూశాడు. టైపిస్టు సెలవు, వాచ్‌మన్‌కి నత్తి. గుట్ట అవతల ఉన్న ఎద్దుని పేరుపెట్టి పిలిస్తే వెనక్కి తిరిగేటంత గొంతున్న మనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"గంగులప్పా, ఒక సాయం చెయ్యి. ఆ తెర వెనక కూర్చో. నా పేరు పిలిస్తే 'పురోగతి సంతృప్తికరం సార్' అను. ఆయన ఏమన్నా అంటే 'అలాగే సార్' అను. అంతే."

"పురోగతి అంటే ఏంది సామీ?"

"ముందుకి పోవడం."

గంగులప్ప తెర వెనక్కి పోయి కూర్చున్నాడు. బీడీ వాసన తెర దాటి వస్తోంది. లాప్‌టాప్‌లో ఒక్కో జిల్లా సంతృప్తి పడుతూ వచ్చింది. చెన్నకేశవులు జిల్లా వంతు వచ్చింది. అతను ముఖం సరిచేసుకుని, చెవులు రిక్కించి, గుటకకి సిద్ధంగా కూర్చున్నాడు.

"తొట్లో సుక్క నీళ్ళు లేవు సార్!" అంది వెనకనుంచి గొంతు.

 నోరు మూసుకుంటే మాట వినపడి నోరు కదలనట్టవుతుంది. అది అంతకంటే పెద్ద నేరం. ఆలోచించడానికి ఒక్క గుటకంత వ్యవధే ఉంది. అది మింగేసి, నోరు తెరిచి, ఆ మాటనే పెదాలతో పలికాడు.

"మోటారు కాలిపోయి ఉగాది నుంచీ అట్లే పడుండాది! గొడ్లు సస్తాండాయి! ఎవురికి చెప్పినా వినేటోడు లేడు!"

చెన్నకేశవులు దాన్నీ పలికాడు. పలుకుతుంటే అతనికి చిత్రంగా ధైర్యం వచ్చింది. కళ్ళు పెద్దవయ్యాయి, చేయి లేచింది, మెడనరాలు ఉబ్బాయి. అవన్నీ పెదాలతో పాటే సరిగ్గా కదిలాయి.

పరాంకుశం గారు చప్పట్లు కొట్టారు.

"అద్భుతం! చూశారా అందరూ? పెదవికీ మాటకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆ హావభావం చూడండి! మీరంతా ఏదో గొణుగుతున్నారు. సమన్వయమంటే ఇది! అన్ని జిల్లాల వాళ్ళూ వరసగా ఇదే వాక్యం చెప్పండి, నేను చూస్తాను."

ఎండీ గారి ఆజ్ఞ ఆమోదిత వాక్యాలకంటే పెద్దది. శ్రీకాకుళం వైపు తెర వెనక నుంచి "తొట్టిలో సుక్క నీరు నేదు సార్" అని వచ్చింది. ఆ మేనేజరు గుటక మింగి పలికాడు. గోదావరి మేనేజరు వెనక నుంచి "తొట్లో చుక్క నీళ్ళు లేవండి, నిజంగానే లేవండి" అని వచ్చింది. ఆ 'నిజంగానే' ఎండీ గారు చెప్పమన్న వాక్యంలో లేదు. తర్వాత జిల్లాలో గాత్ర సహాయకుడు ఊరి పేరు కలిపాడు. ఆ తర్వాతి జిల్లాలో ఆవిడెవరో, బహుశా స్వీపరు, తన ఇంటి బర్రె పేరు కూడా కలిపి, అది పడిపోయి లేవలేదని చెప్పింది. మేనేజరు పాపం బర్రె పేరుతో సహా పెదాలాడించాడు.

పరాంకుశం గారు మొదట్లో పెదాలే చూస్తూ తలాడించారు. నాలుగైదు జిల్లాలయ్యేసరికి తల ఊపడం ఆగింది. ఆపైన కనుబొమలు ముడిపడ్డాయి. పక్కనున్న భుజంగరావు ఏదో చెప్పబోతే చేత్తో ఆపారు. కడపటి జిల్లా పలకడం ముగియగానే, సంస్థలో ఎవరూ చేయమని అనలేని పని ఆయనే చేశారు. రెండు చేతులతో హెడ్‌ఫోను తల మీంచి తీసి, మీట నొక్కి ఆపేసి, బల్ల మీద పెట్టారు. చెవులు ఎర్రగా, చెమటతో తడిసి ఉన్నాయి. ఆ ముఖంలో పెద్ద అధికారి పోయి, వయసు మీదపడుతున్న ఒక మామూలు మనిషి కనిపించాడు.

"చెన్నకేశవులు గారూ, ఇది వాక్యమేనా, నిజమా?"

చెన్నకేశవులు అలవాటుకొద్దీ గుటక మింగి, వెనకనుంచి మాట కోసం ఆగాడు. రాలేదు.

"నీకే వేసినాడు కదా సామీ ప్రశ్న" అన్నాడు గంగులప్ప తెర వెనక నుంచి, మెల్లగా.

"నిజం సార్" అన్నాడు చెన్నకేశవులు.

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"మొదటి సోమవారమే చెప్పాను సార్."  "మీరు నా నోరే చూశారు."

 పరాంకుశం గారు బల్ల మీది హెడ్‌ఫోను వంక చూశారు, భుజంగరావు వంక చూశారు. భుజంగరావు లాప్‌టాప్ వంక చూశాడు.  చెన్నకేశవులుకి, గోడౌనుకి పోవాల్సి వస్తే వకుళ చదువేం కావాలని ఒక పక్క భయం, ఎట్టకేలకు అనేశానని ఇంకో పక్క తేలిక.

ఇంతలో తెర పక్కకి జరిగింది. గంగులప్ప గొంగళి సర్దుకుంటూ ముందుకొచ్చి, చెన్నకేశవులు భుజం మీద చెయ్యేసి వంగి, లాప్‌టాప్‌లోకి ముఖం పెట్టాడు. రాష్ట్రంలోని మేనేజర్లందరి గుటకలూ ఒక్కసారే ఆగిపోయాయి.

"పెద్దసామీ, నేను ఎర్రగుంటపల్లి గంగులప్పని. రేపు సంత ఉండాది. మందని తోలాల్నా, ఆపాల్నా? ఆ ఒక్కటీ చెప్పు, నేను పోవాల."

పరాంకుశం గారు ఆ ముఖాన్ని కాసేపు చూశారు.

"ఆపు. రాత్రికే మోటారు బయల్దేరుతుంది. అది బిగించేదాకా రేపట్నించి ట్యాంకరు వస్తుంది."

"తీగ, సార్..." అన్నాడు భుజంగరావు నీరసంగా.

"తీగ కూడా పంపించండి" అన్నారు పరాంకుశం గారు.

గంగులప్ప దండం పెట్టలేదు, దీవించనూ లేదు. నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి చెన్నకేశవులు ముఖంలోకి చూశాడు. చెన్నకేశవులు తలూపాడు. అంతే, గొంగళి భుజాన వేసుకుని, గొడ్లు ఎండకి కట్టేసి ఉన్నాయంటూ గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.